మిస్ టెంపుల్ సొరుగులోని కేకు

'జేన్ ఐర్' నవల పేరెత్తగానే మనలో చాలామందికి చప్పున గుర్తొచ్చేవి రెండే. మేడమీద తాళం వేసి దాచిన పిచ్చిభార్య ఒకటి, చర్చిలో పాదిరీగారి ఎదుట ఆగిపోయిన పెళ్ళి రెండోది. కాలేజీలో నాన్‌డిటెయిల్డు పుస్తకంగా, సగానికి సగం కుదించిన ప్రతి చదివినవాళ్ళకి మూడోది గుర్తుండే అవకాశమూ లేదు. సినిమాల వాళ్ళు సరేసరి. 1940ల్లో ఆర్సన్ వెల్స్, జోన్ ఫాంటెయిన్‌లతో తీసిన సినిమాలో అయితే కథలో మూడోవంతు, పాదిరీ మేనబావ కుటుంబంతో సహా, గంగలో కలిసిపోయింది. ప్రేమకథకి అడ్డం అనుకున్నారు కాబోలు.

ప్రేమకథ కాదని ఎవరంటారు? కాని తీరిక చేసుకుని మొదటినుంచీ చివరిదాకా చదివి చూడండి. రాచెస్టరు దొరగారి ప్రేమ ఎంత వుందో, భక్తుల గొడవా అంతే వుంది. ఒకరా ఇద్దరా! బడి నడిపే భక్తుడు, ఆ బడిలోనే ప్రాణం వదిలే భక్తురాలు, గంట కొట్టినట్టు టైము ప్రకారం ప్రార్థన చేసే భక్తురాలు, ఇండియా వెళ్ళి మనందరి ఆత్మల్నీ రక్షిద్దామనుకునే భక్తుడు.

"ఇంగ్లండు కథలో క్రైస్తవులు కాక మరెవరుంటారమ్మా?" అంటారా. నిజమే. కాని పాత్రలు క్రైస్తవులు కావడం వేరు. ఆ క్రైస్తవం వాళ్ళు పెట్టే తిండిలో, కట్టే బట్టలో, తలుపు తీయడంలో, తలుపు వేసెయ్యడంలో కనబడుతోందా లేదా అని రచయిత్రి పనిగట్టుకుని చూడడం వేరు. షార్లెట్ బ్రాంటీ చేసిన పని అదీ. ఆవిడ పాదిరీగారి కూతురు. తండ్రి పాట్రిక్ బ్రాంటీ యార్క్‌షైరులోని హావర్త్ అనే ఊళ్ళో చర్చి గురువు. ప్రార్థన వినబడని పూట లేని ఇంట్లో పెరిగిన పిల్లకి నోటి భక్తికీ చేతి భక్తికీ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. వంటింట్లో పెరిగిన పిల్లకి వాసన బట్టే పోపు మాడిందో లేదో తెలిసినట్టు తెలిసిపోతుంది.

ఈ విషయంలో ఒక చిక్కుంది. మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగంలో క్రీస్తు ఒకచోట వెలుగును దాచిపెట్టవద్దనీ, మంచిపని నలుగురికీ కనబడాలనీ చెబుతాడు. మరుసటి అధ్యాయంలోనే నలుగురూ చూడాలని చేసే ధర్మం ధర్మమే కాదంటాడు. మరి చూపించమనా, దాచమనా? మన తెలుగు చర్చిల్లో 'సాక్ష్యం' అని ఒక మాట వాడతారు. లేచి నిలబడి, దేవుడు తనకి చేసిన మేలు నలుగురికీ చెప్పడం సాక్ష్యం. పెదవి కదపకుండా బతుకులో చూపించడమూ సాక్ష్యమే. ఒక్క మాటలో రెండు అర్థాలూ వుండడం వల్ల మొదటిది చేసినవాళ్ళు రెండోది కూడా అయిపోయిందనుకునే ప్రమాదం వుంది. 'జేన్ ఐర్'ని నేను ఆ రెండో సాక్ష్యం మీద జరిగిన పెద్ద విచారణగా చదువుతాను.

మొట్టమొదట బోనెక్కేది బ్రాకుల్‌హర్స్ట్ గారు. లోవుడ్ అనే ధర్మబడికి కోశాధికారి, సర్వాధికారి. నల్లటి స్తంభంలా నిటారుగా వుంటాడు. పదేళ్ళ జేన్‌ని ఎదురుగా నిలబెట్టి, నరకంలో పడకుండా వుండాలంటే ఏం చెయ్యాలని అడుగుతాడు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ఒంట్లో బాగుండేలా చూసుకుని చచ్చిపోకుండా వుండాలంటుంది. ఇంత చక్కటి జవాబుకి ఆయనకి నవ్వు రాదు. పైగా తన చిన్నకొడుకు సంగతి చెబుతాడు. అల్లం బిస్కెట్టు కావాలా, కీర్తనలోంచి ఒక వచనం బట్టీ పట్టడం కావాలా అంటే వాడు కీర్తనే కావాలంటాడట. అంత పసివయసులో అంత భక్తా అని మెచ్చుకుని వాడికి రెండు బిస్కెట్లు ఇస్తారట! ఒక్క బిస్కెట్టు వదులుకుంటే రెండొస్తాయన్న కిటుకు కొడుక్కి తెలిసింది కాని తండ్రికి తెలిసినట్టు లేదు. చుట్టాల ముందు గుక్క తిప్పుకోకుండా శ్లోకం చదివి చాక్లెట్టు కోసం చెయ్యి చాపే పిల్లలు మన ఇళ్ళల్లో మాత్రం లేరూ?

ఇక బడి. ఒక పొద్దున్న జావ మాడిపోయింది. పిల్లలు నోట పెట్టలేక వదిలేశారు. పెద్ద పంతులమ్మ మిస్ టెంపుల్, తన పూచీమీద అందరికీ రొట్టే చీజూ పెట్టించింది. ఈ సంగతి లెక్కల్లో కనబడి దొరగారు మండిపడ్డాడు. ఆకలికి ఓర్చుకోవడం నేర్పడానికి బంగారంలాంటి అవకాశం దొరికితే చేజేతులా పాడుచేసిందట. పాడు శరీరాలకి పెట్టి, ఆత్మల్ని పస్తులుంచిందట. ఇది అవుతుండగానే ఆయన కన్ను ఎర్రటి ఉంగరాల జుట్టున్న ఒక పిల్లమీద పడింది. పుట్టుకతో వచ్చిన ఉంగరాలని మిస్ టెంపుల్ చెప్పినా వినడు. పెద్ద తరగతి పిల్లల్ని గోడవైపు తిరిగి నిలబడమని, అందరి కొప్పులూ కత్తిరించి పారెయ్యాలని తీర్పు చెబుతాడు. ఆయన నోట్లో మాట ఇంకా పూర్తి కానేలేదు, వెనకనుంచి తలుపు తెరుచుకుని ఆయన భార్యా ఇద్దరు కూతుళ్ళూ లోపలికొచ్చారు. పట్టుబట్టలు, మఖమల్ శాలువా, బొచ్చు అంచులు, నిప్పుకోడి ఈకల టోపీలు. పిల్లల జుట్టు నిండా తీరుగా చుట్టిన ఉంగరాలు. తల్లిగారికైతే నుదుటిమీద పెట్టుడు ఉంగరాలు కూడా.

షార్లెట్ ఇక్కడ పెద్దగా వ్యాఖ్యానం చెయ్యదు. ఆ ఆడవాళ్ళు కొంచెం ముందొచ్చి ఉపన్యాసం విని వుంటే బాగుండేదని ఒక చురక వేసి వూరుకుంటుంది. హాస్యం తెలిసిన చెయ్యి.

తిరుపతి వెళ్ళినవాళ్ళు తలనీలాలు ఇస్తారు. మొక్కు ఎవరిదో జుట్టూ వాళ్ళదే. (పసిపిల్లల సంగతి వేరనుకోండి, వాళ్ళ ఏడుపు ఎవరు వింటారు!) పక్కింటావిడ జుట్టు తెగ్గోయించి నా మొక్కు తీరిందనేవాళ్ళు లేరు. బ్రాకుల్‌హర్స్ట్ చేసింది సరిగ్గా అదే. ఆయన్ని దొంగభక్తుడని తేల్చెయ్యడం సులువు; చాలామంది విమర్శకులు ఆ మాటనే వూరుకున్నారు. నాకలా అనిపించదు. ఆయనకి నమ్మకం లేకపోలేదు. చెప్పేదంతా నిజంగానే నమ్ముతున్నాడు. ఆ నమ్మకం కంటికి కనబడాలనే తాపత్రయమూ వుంది. కాకపోతే అది తనవంటిమీద కాదు, తన కింద పడివున్న ఎనభైమంది దిక్కులేని పిల్లల వంటిమీద కనబడాలి. అక్కడుంది కీలకం. జేన్ అబద్ధాలకోరని బడంతటికీ చాటుతూ, బ్రహ్మకి మొక్కి జగన్నాథుడి ముందు మోకరిల్లే అన్యుల పిల్లలకన్నా ఈ పిల్ల హీనం అనికూడా అంటాడు. బ్రహ్మకి మన దేశంలో గుళ్ళే అరుదని ఆయనకి చెప్పేదెవరు?

ఇదంతా రచయిత్రి కల్పన అని కొట్టిపారెయ్యడానికి లేదు. పాదిరీల కూతుళ్ళకోసం కోవన్ బ్రిడ్జి అనేచోట పెట్టిన బడికి 1824లో బ్రాంటీ అక్కచెల్లెళ్ళు నలుగురు వెళ్ళారు. 1825లో పెద్దవాళ్ళిద్దరూ, మరియా, ఎలిజబెత్, క్షయతో ఇంటికొచ్చి నెలల తేడాలో పోయారు. ఒకరికి పదకొండేళ్ళు, ఒకరికి పది. షార్లెట్‌కి అప్పటికి తొమ్మిది. ఇరవై రెండేళ్ళ తర్వాత రాసిన నవలలో ఆ జావ మాడువాసన ఇంకా పోలేదు.

ఇప్పుడు మిస్ టెంపుల్. అబద్ధాలకోరన్న ముద్రతో జేన్ ఒక స్టూలుమీద అందరి ఎదుటా నిలబడి వుంది. మధ్యాహ్నమంతా ఎవరూ పలకరించకూడదు. హెలెన్ బర్న్స్ అనే పిల్ల ఏదో వంక పెట్టుకుని పక్కనుంచి వెళుతూ ఒక్క నవ్వు నవ్వింది. అంతే. మాట లేదు. ఆ నవ్విన పిల్ల చేతికి కూడా ఆ పూట 'శుభ్రత లేనిది' అనే పట్టీ కట్టివుంది. తప్పు చేసిందన్న ముద్ర పడ్డ పిల్ల, ముద్ర పడ్డ ఇంకో పిల్లకి ఇచ్చుకోగలిగింది ఒక నవ్వు. నవల మొత్తంలో ఇంత చిన్న సాక్ష్యం, ఇంత పెద్ద సాక్ష్యం మరొకటి లేదనిపిస్తుంది.

ఆ రాత్రి మిస్ టెంపుల్ ఇద్దర్నీ తన గదికి పిలిచింది. నిప్పుల దగ్గర కూచోబెట్టి, టీ తెప్పించి, ఇంకాస్త రొట్టే వెన్నా పంపమని వంటావిడకి కబురు పెట్టింది. ఆ మహాతల్లి, ఇవ్వవలసింది ఇచ్చేశాం, అంతకుమించి లేదని తిరుగుకబురు పంపింది. అప్పుడు మిస్ టెంపుల్ లేచి, సొరుగు తాళం తీసి, కాగితంలో చుట్టిపెట్టిన కేకు బయటికి తీసింది. జీలకర్రలాంటి గింజలు వేసి చేసే కేకు. ధారాళంగా ముక్కలు కోసి పెట్టింది. బడి సామానులోది కాదు, తన సొంతం. ఆ సొరుగు తెరుచుకోవడం చూసినవాళ్ళు ఇద్దరే, ఆకలితో వున్న ఇద్దరు పిల్లలు. పైన చెప్పుకున్న చిక్కుముడిని షార్లెట్ ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఈ సొరుగు దగ్గర విప్పింది. దాచినదే, కాని అవసరమైనవాళ్ళకి కనబడింది.

చాలామంది పాఠకులు కేకు దగ్గరే ఆగిపోతారు. ఆవిడ దానికన్నా గొప్ప పని ఇంకోటి చేసింది. జేన్ చెప్పిందంతా విని, నిజానిజాలు తెలుసుకోవడానికి ఆ పిల్లను ఎరిగున్న వైద్యుడికి ఉత్తరం రాసింది. వారంరోజుల్లో జవాబొచ్చింది. బడంతటినీ సమావేశపరిచి, ఈ పిల్లమీద పడ్డ నింద అబద్ధమని అందరి ఎదుటా చెప్పింది. జాలిపడి ఏదో ఒకటి చేతిలో పెట్టేవాళ్ళు బోలెడుమంది వుంటారు. కాగితమూ కలమూ తీసుకుని నింద నిజమా కాదా అని వాకబు చేసేవాళ్ళు ఎంతమంది? అధికారి మాటకి విరుద్ధమైన మాట నలుగురిలో చెప్పేవాళ్ళు మరీ ఎంతమంది? నింద రహస్యంగా వేసింది కాదు కనక, దాన్ని తుడవడమూ రహస్యంగా కుదరదు. అక్కడ ఆవిడ వెలుగు దాచలేదు.

ఆ తర్వాత వసంతకాలంలో బడికి విషజ్వరం వచ్చింది. ఎనభైమందిలో నలభై అయిదుగురు ఒకేసారి మంచాన పడ్డారు. మిస్ టెంపుల్ రోగుల గదిలోనే మకాం పెట్టేసింది, రాత్రి కాసిని గంటలు నడుం వాల్చడానికి తప్ప కదలలేదు. బ్రాకుల్‌హర్స్ట్ కుటుంబం అటు తొంగిచూడలేదు. షార్లెట్ ఈ రెండు సంగతులూ పక్కపక్కనే చెప్పేసి ముందుకెళ్ళిపోతుంది.

హెలెన్ దగ్గర మాత్రం నాకు కొంచెం పేచీ వుంది. ఆ పిల్ల కొడితే పడుతుంది, తిడితే వింటుంది, శత్రువుని ప్రేమించాలంటుంది. క్షయతో చచ్చిపోతూ కూడా దేవుడి దగ్గరికే వెళుతున్నానన్న ధీమా. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల ఇంత సహనం చూపిస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది, మరుక్షణం దెబ్బలు కొట్టిన పంతులమ్మ చెయ్యి ఎవరు పట్టుకుంటారనిపిస్తుంది. రచయిత్రికీ ఆ శంక వున్నట్టే వుంది. హెలెన్‌ని తన అక్క మరియాని తలుచుకుంటూ రాసింది, ఎక్కడా చిన్నబుచ్చలేదు. అలాగని జేన్‌ని హెలెన్‌లా మారిపోనివ్వనూ లేదు. జేన్ క్షమించడం నేర్చుకుంటుంది, నోరు మూసుకోవడం నేర్చుకోదు. ఆడపిల్ల భక్తి అంటే నోరు మూసుకుని పడుండడమేనని పక్కన చేరి చెప్పేవాళ్ళు ప్రతి మతంలోనూ వున్నారు కనక ఈ తేడా గమనించి తీరాలి.

జేన్ పెద్దదై, మంచాన పడిన మేనమామ భార్య దగ్గరికి వచ్చినప్పుడు ఎలైజా అనే ఆవిడ కూతురు ఒకతె కనబడుతుంది. రోజుకి మూడుసార్లు ప్రార్థన పుస్తకం తీస్తుంది. అందులో కూడా ఆవిడకి బాగా నచ్చేది ఎప్పుడు లేవాలి, ఎప్పుడు మోకరించాలి అని చెప్పే నియమాల భాగమట! కొత్త చర్చి బల్లమీదకి తివాచీ అంత ఎర్రటి గుడ్డకి బంగారు దారంతో అంచు కుడుతోంది. గది అవతల కన్నతల్లి పోతోంది. ఆ అంచుకి రోజుకిన్ని గంటలని కేటాయింపు వుంది కాని తల్లికి లేదు. తల్లి పోయాక ఈవిడ కన్యకా మఠంలో చేరి, ఆస్తంతా రాసిచ్చి, దానికే పెద్దమ్మగారవుతుంది. చిన్నప్పుడు తనని ఎర్రగదిలో పెట్టి తాళం వేసిన ఆ మేనమామ భార్య మంచం పక్కన కూచుని, క్షమించానని చెప్పింది ఎవరయ్యా అంటే జేన్. రచయిత్రి ఎలైజాకి పదిపేజీలు కూడా ఇవ్వలేదు. అక్కర్లేదు కూడా, మనకి తెలిసిన మనిషే.

ఈ పుస్తకం 1847 అక్టోబరులో 'కరర్ బెల్' అన్న మారుపేరుతో వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో 'క్వార్టర్లీ రివ్యూ' పత్రికలో పేరు లేకుండా ఒక సమీక్ష పడింది. ఇది అచ్చంగా క్రైస్తవానికి వ్యతిరేకమైన రచన అన్నారందులో. పేదల కష్టాలమీదా, ధనికుల సుఖాలమీదా గొణగడం దేవుడి ఏర్పాటుమీద గొణగడమేనట. రాసింది మగవాడు కాక ఆడదే అయితే, తోటి ఆడవాళ్ళ మధ్య కూచునే యోగ్యత ఏనాడో పోగొట్టుకున్నదై వుండాలని కూడా అన్నారు. ఆ మాటలు రాసిందీ ఒక ఆడదే, ఎలిజబెత్ రిగ్బీ! బ్రాకుల్‌హర్స్ట్‌ని వెక్కిరిస్తే బైబిలునే వెక్కిరించినట్టని బెంబేలు పడింది ఆవిడ. షార్లెట్ దీనికి ముందే, రెండో ముద్రణ పీఠికలో, లోకమర్యాద వేరు, నీతి వేరు, నేనే పుణ్యాత్ముణ్ణనుకోవడం మతం కాదు అని తేల్చి చెప్పింది. సమీక్షకురాలి చెవికి అది ఎక్కలేదు. రిగ్బీ గారి చూపు పదునైనదే, కాని ఆవిడ భక్తి ఎక్కడుందో చూడలేదు, భక్తుల పరువు ఎక్కడుందో చూసింది.

ఇంతవరకూ తీర్పు తేలికే. మంచివాళ్ళు మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు. నవల అక్కడే ఆగివుంటే మామూలు నీతికథ అయ్యేది. షార్లెట్ గొప్పతనమంతా సినిమావాళ్ళు కత్తిరించిన ఆ మూడోవంతులో వుంది.

రాచెస్టరుకి భార్య వుందని తెలిసి, అతణ్ణి ఎంత ప్రేమించినా వుంపుడుగత్తెగా వుండనని, జేన్ తెల్లవారకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. రెండు మూడు రోజులు తిండిలేదు. పందికి పడేద్దామనుకున్న చల్లారిన జావని అడిగి తీసుకుని తింటుంది. వానలో ఒక ఇంటి తలుపు తడితే, హానా అనే ముసలి పనిమనిషి దొంగలముఠా అనుకుని తలుపు మూసేస్తుంది. గుమ్మంలోనే పడి చావుకి సిద్ధపడ్డ జేన్‌ని లోపలికి తీసుకెళ్ళినవాడు ఆ ఇంటి కొడుకు, సెయింట్ జాన్ రివర్స్ అనే కుర్ర పాదిరీ. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తర్వాత కాస్త కోలుకున్నాక జేన్ వంటింట్లోకి వచ్చి, హానాతో కూచుని పళ్ళు బాగుచేస్తూ, తలుపు మూసినందుకు కాదుగాని ఇల్లూ డబ్బూ లేకపోవడం తప్పుగా చూసినందుకు నీమీద కోపం, క్రైస్తవురాలివైతే పేదరికాన్ని నేరంగా చూడకూడదు అని చీవాట్లు పెడుతుంది. ముసలమ్మ ఒప్పుకుంటుంది. ఇద్దరూ చేతులు కలుపుకుంటారు. చేతికి అంటిన పిండితో సహా. వంటింట్లో జరిగిన ఈ చిన్న ముచ్చట నాకు పెద్ద ఉపన్యాసాలకన్నా ఇష్టం.

సెయింట్ జాన్ బ్రాకుల్‌హర్స్ట్ కాడు. అతని భక్తికి మూల్యం చెల్లించేది అతనే. ఎండా వానా లేకుండా పేదల ఇళ్ళు తిరుగుతాడు. అందాలరాశి, ధనవంతుడి కూతురు రోజమండ్ తనని ప్రేమిస్తోందని తెలుసు, తనూ ప్రేమిస్తున్నాడు, అయినా మిషనరీ పనికి ఆమె తగదని ఆ ప్రేమని నొక్కేసుకుంటాడు. క్రిస్మసుకి జేన్ హానాతో కలిసి ఇల్లంతా దులిపి, కడిగి, గుడ్లు గిలకొట్టి, ఎండుద్రాక్షలు ఏరి, మసాలాలు కోరి, కేకులు చేసి, ఊరినుంచి వస్తున్న ఆడబిడ్డలకోసమన్నట్టు మేనత్త కూతుళ్ళకోసం ఎదురుచూస్తుంది. అన్నీ సిద్ధం చేసి సెయింట్ జాన్‌కి చూపిస్తే, ఈ ఇంటి సుఖాలకన్నా ఎత్తయినదేదైనా ఆలోచిస్తావా అని అడుగుతాడు. ప్రపంచంలో వున్నవాటిలో మంచివి ఇవే అంటుంది జేన్. రెండురోజులు నడుం విరిగేలా ఇల్లు సర్దిన ఏ ఆడదానికైనా ఆ క్షణంలో అతని తల బద్దలుకొట్టాలనిపిస్తుంది.

కాని అంతలోనే ఏమయిందో చూడండి. అందరూ కలుసుకున్న ఆ రాత్రి, తొమ్మిది గంటలవేళ, ఒక పేదపిల్లవాడు తలుపు తట్టాడు. వాళ్ళమ్మ చచ్చిపోతోంది, పాదిరీగారు రావాలి. నాలుగుమైళ్ళ దారి, బీడుభూమి, చలి. హానా వద్దంటుంది. సెయింట్ జాన్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. గొణుగుడు లేదు, సణుగుడు లేదు. అర్ధరాత్రి, ఆకలితో, అలసిపోయి తిరిగొచ్చాడు. వెళ్ళినప్పటికన్నా సంతోషంగా వున్నాడు. మనం ఇప్పుడే తిట్టుకున్న మనిషి! షార్లెట్ పాఠకుల్ని సుఖంగా కూచోనివ్వదు.

అంచేతే అతను ప్రమాదకరమైనవాడు. అబద్ధపు భక్తుణ్ణి కాదనడం తేలిక; నిజమైన భక్తుడు వచ్చి అడిగితే? జేన్ జర్మను చదువుకుంటుంటే మాన్పించి, హిందుస్తానీ నేర్పిస్తాడు. తర్వాత అసలు సంగతి బయటపెడతాడు. తనతో ఇండియా రావాలి, భార్యగా. ప్రేమ వుందా అంటే లేదు. ఆమె పుట్టిందే కష్టపడడానికి, ప్రేమకి కాదంటాడు. జేన్ ఆలోచించుకుని, వస్తాను, చెల్లెలిగా, తోటి పనిమనిషిగా వస్తాను, పెళ్ళి మాత్రం వద్దంటుంది. అతను ఒప్పుకోడు. పైగా, నువ్వు కాదంటున్నది నన్ను కాదు, దేవుణ్ణి అంటాడు.

ఈ ఒక్క మాటకోసమే నవలంతా నడిచిందేమోననిపిస్తుంది. అక్కడ బ్రాకుల్‌హర్స్ట్ దేవుడి పేరు చెప్పి పిల్లల జుట్టు అడిగాడు. ఇక్కడ ఇంత త్యాగి, ఇంత నిజాయితీపరుడు, దేవుడి పేరు చెప్పి ఒక మనిషి మొత్తాన్నీ అడుగుతున్నాడు. తనవన్నీ ఇచ్చేసినవాడికి ఎదుటివాళ్ళవి కూడా ఇచ్చెయ్యవచ్చుననే ధైర్యం ఎక్కడినుంచో వస్తుంది. సంఘసేవ అని, దేశసేవ అని, ఆశ్రమమని తిరిగే మహానుభావుల ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఇది బాగా తెలుసు. గమనించవలసింది, జేన్ నాస్తికురాలై అతన్ని కాదనలేదు. ఆ రాత్రి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, అతని పద్ధతిలో కాకుండా తన పద్ధతిలో ప్రార్థన చేసుకుంటుంది. అతని దేవుడూ తన దేవుడూ ఒక్కడే, కాని మధ్యవర్తిగా అతను అక్కర్లేదు. 1847లో ఒక పాదిరీ కూతురు ఈ మాట అచ్చువేయించడం సామాన్యమా! ఆమెని 1839లో హెన్రీ నస్సీ అనే పాదిరీ పెళ్ళాడమని అడిగితే ఆమె కాదన్న సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. పుస్తకంలోంచి కొంత, బతుకులోంచి కొంత.

మనకి ఇంకో ఇబ్బంది కూడా వుంది. ఈ ఇండియా అన్నది షార్లెట్‌కి ఒక దేశంగా కనబడలేదు, ఎండదెబ్బకి చచ్చిపోయి స్వర్గానికి వెళ్ళే చోటుగా కనబడింది. ఇక్కడి మనుషులు ఆ కథలో లేరు, రక్షించవలసిన ఆత్మలు మాత్రం వున్నాయి. జేన్ హక్కులన్నిటినీ అంత సూక్ష్మంగా చూసిన కన్ను ఇటువైపు మూసుకుపోయింది. మేడమీద బంధించిన భార్య విషయంలోనూ అంతే అనుకోండి, అది వేరే వ్యాసం.

కథలో సెయింట్ జాన్ బయలుదేరిన ఆ రోజుల్లోనే నిజంగా మన తీరానికి వచ్చినవాళ్ళున్నారు. రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చి, 1843లో బడి పెట్టాడు. నోబుల్ కాలేజీ పేరు ఆయనదే. పెళ్ళి చేసుకోలేదు, 1865లో ఆ ఊళ్ళోనే పోయాడు. కాని జేన్ అడిగిన ప్రశ్నకి అసలు జవాబు గుంటూరులో వుంది. చెల్లెలిగా, పనిమనిషిగా వస్తాను, పెళ్ళాంగా రాను అంటే కుదరదన్నాడు కదా సెయింట్ జాన్. ముప్ఫయ్యారేళ్ళ తర్వాత, 1883లో, అమెరికాలోని పెన్సిల్వేనియానుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ ఎవరి భార్యా కాకుండానే గుంటూరు వచ్చింది. లూథరన్ మిషన్‌వాళ్ళు మొదట ఆవిడని వైద్యానికని కూడా పంపలేదు, ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పమని పంపారు. ఆవిడ చదువు చెబుతూనే వైద్యమూ చేసింది. మగ డాక్టరుకి చెయ్యి చూపించని ఆడవాళ్ళ కాలం. 1898లో ఆస్పత్రి లేచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. కుగ్లర్ ఆస్పత్రి అంటే ఇప్పటికీ అక్కడ తెలియనివాళ్ళు తక్కువ. ఆవిడ బోధ విని మతం మార్చుకున్నవాళ్ళు వున్నారు, మార్చుకోనివాళ్ళూ వున్నారు. పురిటినొప్పులతో వచ్చిన ఆడదాని మంచం దగ్గర రెండు రకాలవాళ్ళకీ కనబడింది ఒకటే.

మళ్ళీ నవలకొస్తే, జేన్ చివరికి చూపు పోయిన రాచెస్టరు దగ్గరికి చేరుతుంది. మొదట చేసే పనులేమిటి? పనిమనిషి చేతిలోంచి మంచినీళ్ళ పళ్ళెం అందుకుంటుంది. చిక్కులుపడి జడలుకట్టిన అతని జుట్టు విడదీసి దువ్వుతుంది. బ్రాకుల్‌హర్స్ట్ కత్తెర గుర్తున్నవాళ్ళకి ఇక్కడ చిన్న నవ్వు వస్తుంది.

ఆఖరి పేజీ మాత్రం జేన్‌దీ కాదు, రాచెస్టరుదీ కాదు. పదేళ్ళుగా ఇండియాలో ఒంటరిగా పనిచేసి, చావుకి దగ్గరపడ్డ సెయింట్ జాన్ ఉత్తరంతో నవల ముగుస్తుంది. కాదన్న మనిషికి చివరిమాట ఎందుకిచ్చిందని విమర్శకులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. పాదిరీ కూతురు చివరికి భయపడి మొక్కు చెల్లించిందని కొందరు, లోపల వెటకారం వుందని కొందరు. నాకు రెండూ నచ్చవు. అతనితో బతకలేనన్నది జేన్, అతన్ని తక్కువ చెయ్యలేదు. పదేళ్ళపాటు ఉత్తరాలు రాస్తూనే వుంది. ఆఖరి ఉత్తరం చదువుతూ ఏడ్చింది. ఆ రాత్రి వానలో తలుపు తీయించినవాడు అతనే కదా మరి.